నాలుగు రేవుల కార్డు

కుయివాస్తు రేవులో మంచు పైనుంచి కురవదు,
సముద్రం మీంచి అడ్డంగా వచ్చి గోడకి కొట్టుకుంటుంది.
ఆఖరి ఫెర్రీ వెళ్ళిపోయాక
ఉప్పు బస్తాలూ చీపుర్లూ ఉండే కొట్టులో
హెల్వె మోకాళ్ళ మీద కూచుని
పాత కంప్యూటరు డొక్క విప్పింది.
టార్చి పట్టుకోవడం నా వంతు.

తాలిన్‌లో తుక్కు వ్యాపారి పన్నెండు యూరోలకిచ్చిన కార్డు.
అరచెయ్యంత పలక, దాని అంచున నాలుగు రేవులు.
ఒకటి టికెట్లకి,
ఒకటి గాలి వేగం చెప్పే స్తంభానికి,
ఒకటి అవతలి ఒడ్డుకి,
ఒకటి, బారులు తీరిన కార్లని లెక్కపెట్టబోయే కొత్త కెమెరాకి.
ఇరవై రెండేళ్ళుగా ఆ కార్లని లెక్కపెట్టేది నేను.
టార్చి కదపకు తావెత్, అంది హెల్వె.

మిషను లేచింది. నల్లటి తెర మీద తెల్లక్షరాలు దొర్లాయి.
డిస్కు ఉంది, గడియారం ఉంది, కీబోర్డు ఉంది.
కార్డు దగ్గరికొచ్చేసరికి
"ఎవరో ఉన్నారు, ఎవరో తెలీదు" అన్నట్టు ఒక ముక్క రాసి
ముందుకి సాగిపోయింది.

చిప్పు కొత్తదేం కాదట.
ఈ డ్రైవరు అలాంటివాటిని ఏళ్ళ తరబడి నడుపుతోందట.
కార్డు అమ్మిన కంపెనీ మాత్రం, తన గొప్ప కోసం,
దాని నుదుట వేరే అంకె పొడిపించింది.
పచ్చబొట్టు మారింది, మనిషి అదే.
డ్రైవరు చేతిలో హాజరు పట్టీ ఉంది,
పట్టీలో ఆ అంకె లేదు.
పిలవని పేరుకి పలకడం ఎవరికి మాత్రం చేతనవుతుంది?

అయితే ఇది తాళం వెయ్యని ఇల్లు.
హెల్వె మూలం తెరిచి చదువుకుంటూ పోయింది,
బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు.
ఒకచోట ఆగింది. పదకొండేళ్ళ నాటి మాట:
"నాలుగు రేవుల రకం నా దగ్గర లేదు.
మీ దగ్గరుంటే చెప్పండి. నెమేసియో, పైసందూ."
కంపైలరు ప్రతిసారీ ఆ మాటని దాటేసే ఉంటుంది.
మనుషుల కోసం రాసినవి దానికి వినపడవు.

ఒక వరస చేర్చింది. ఒక అంకె, ఒక కామా.
నలభై నిమిషాలు మిషను గొణుక్కుంది.
ఫ్లాస్కులో టీ అయిపోయింది.

మూడు లేచాయి.
అవీ తలకిందులుగా:
రేకు మీద నాలుగని చెక్కినది డ్రైవరుకి సున్నా,
ఒకటని చెక్కినది రెండు.
హెల్వె నవ్వి, తెల్ల టేపు చింపి, పేర్లు మార్చి అంటించింది.
రెండో రేవు మాత్రం లేవలేదు.
తన జ్ఞాపకంలోని కూడిక తప్పిందట,
కూడిక తప్పినదాన్ని ముట్టుకోనంది డ్రైవరు.

పైసందూకి ఉత్తరం రాసింది.
మూడోనాడు జవాబు.
అక్కడ ఎండలు మండుతున్నాయి, ఫ్యాను కింద కూచుని రాస్తున్నాను,
తీగ లాగేశాక నారింజ దీపం ఆరుతుందా?
ఆరలేదు.
ఖాళీ రేవులో దీపం అలాగే వెలుగుతోంది,
ఫెర్రీ రద్దయిన రాత్రి మేం ఆర్పడం మర్చిపోయిన లైటులా.

"అది చచ్చిన రేవు," రాశాడు నెమేసియో.
"కూడిక చూడొద్దని డ్రైవరుకి చెప్పగలను. చెప్పను.
ఉందనుకుని మీరు నమ్ముతారు,
తుఫాను రోజున అది నోరు మూసుకుంటుంది."
తన పాత మాట కొట్టేసి అక్కడ రాశాడు:
"కుయివాస్తులో హెల్వె చూసింది. నాలుగింట మూడు పనిచేస్తాయి."

నాలుగు తీగల్లో ఏది వదలాలో
హెల్వె నన్ను అడగలేదు.
చేతిలో ఉన్న తీగని చుట్టచుట్టి,
ఉప్పు బస్తాల వెనక మేకుకి తగిలించింది.

పొద్దున ఆరున్నర ఫెర్రీకి
నారింజ చొక్కా వేసుకుని బయటికెళ్ళాను.
నలభై ఒక్క కార్లు, రెండు పాల లారీలు,
గుర్రపు బండీలాంటిదేదో తగిలించుకున్న ఒక జీపు.
దాన్ని ఒకటనాలా, రెండనాలా?
మంచులో నిలబడి కాసేపు ఆలోచించాను.